గవిగుట్ట ఆఖరి పెట్టె

భూమి లోపల ఏముందో చెప్పే ఉద్యోగం నాది. ముప్పై నాలుగేళ్లు చెప్పాను. ఎక్కువసార్లు ఏమీ లేదనే చెప్పాను. జియాలజిస్టు అంటే గుట్టెక్కి సుత్తితో ఒక దెబ్బ వేస్తే బంగారం రాలుతుందని జనం అనుకుంటారు. మాలో నూటికి తొంభైమంది ఒక్క గనైనా కనిపెట్టకుండానే రిటైరై, శాలువా కప్పించుకుని ఇంటికి పోతారు. నేనూ ఆ తొంభైమందిలో వాణ్ణేనని ఎప్పుడో రాజీపడ్డాను. నా చిక్కల్లా ఆ ఇంటికి పోవడం దగ్గరే. పోవడానికి ఇల్లంటూ ఉండాలి కదా.

రిటైర్మెంటు ఏప్రిల్లో. జనవరిలో ఆఫీసువాళ్లు నన్ను గవిగుట్టకు వేశారు. ఇరవై ఏడేళ్ల కిందట అక్కడ ఏడు బోర్లు వేసి, తీసిన రాళ్లన్నీ ఒక రేకుల షెడ్డులో దాచాం. వాటిని మళ్లీ ఒకసారి చూసి, ఆఖరి మాట రాసి, షెడ్డు ఖాళీ చేయించాలి. ఆఖరి మూడు నెలలు ఏసీ గదిలో కూర్చోక ఈ ఎండలో ఏం పని అని తోటివాళ్లు జాలిపడ్డారు. ఆ పని నేనే అడిగి వేయించుకున్నానని వాళ్లకు చెప్పలేదు. ఆ షెడ్డులో పెట్టెల మీద నంబర్లన్నీ త్రివేణి రాసినవి.

త్రివేణి నా భార్య. ఫారాల్లో ఇప్పటికీ అట్లాగే రాస్తాను. మేం విడాకులు తీసుకోలేదు, పోట్లాడుకోలేదు, కలిసీ లేం. ఆమె ధర్మవరంలో వాళ్ల నాయన వదిలిపోయిన మగ్గాల మీద పట్టుచీరలు నేస్తుంది. నేను ఏ రాష్ట్రంలో క్యాంపు వేస్తే అక్కడ ఉంటాను. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకీ, చుట్టంలాగా ఆమె ఇంటికి పోయి, రెండు రోజులుండి వచ్చేస్తాను. పిల్లలు లేరు.

షెడ్డు తలుపు తీసింది ఓబులేసు. అప్పట్లో మా క్యాంపులో పనిచేసేవాడు, ఇప్పుడు షెడ్డుకు వాచ్‌మన్. మీసం తెల్లబడిందేగాని నోరు అట్లాగే ఉంది.

"చూడు సార్, అమ్మ రాత. రోంత గూడా చెరగలే. మీ ఆఫీసోళ్లు రాసుకున్న బోర్డులన్నీ పోయినాయి గానీ, ఇది మాత్రం గట్టిగుండాది" అన్నాడు.

నిజంగానే ఉంది. ఎర్ర పెయింటుతో, కుంచె పట్టి రాసిన గుండ్రటి అంకెలు. ఏడో బోరు, పెట్టె ఇరవై మూడు. ఏడో బోరు, పెట్టె ఇరవై నాలుగు. ఓబులేసు అటు తిరిగినప్పుడు ఆ నాలుగు అంకె మీద చెయ్యి వేసి చూశాను. అరవై ఏళ్ల మనిషి చేసే పని కాదు. ఏం చేయను, ఆ పెయింటు ఆరేటప్పుడు ఆమె నా పక్కనే ఉంది.

పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్క సీజను ఆమె నాతో క్యాంపులో ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఈ గవిగుట్ట కిందనే, డేరాలో. డ్రిల్లర్లకు సంగటి కెలికేది, పెట్టెలకు నంబర్లు వేసేది, రాళ్ల పేర్లు నాకంటే బాగా గుర్తుపెట్టుకునేది. అప్పుడు మా ఆశంతా ఆ బోర్ల మీదే. బంగారం ఉన్న పలుగురాయి తగిలితే క్యాంపు పెద్దదవుతుంది, క్వార్టర్సు కడతారు, నాలుగైదేళ్లు ఒకేచోట ఉండొచ్చు. తగల్లేదు. ఏడో బోరు నూట పద్దెనిమిది మీటర్ల దగ్గర నేనే ఆపించాను. ఇంకొక్క సీజను ఇవ్వండని హైదరాబాదు పోయి పెద్దసారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "చూపించడానికి ఏముందయ్యా?" అన్నాడాయన. ఏమీ లేదు. ఒరిస్సాకు వేశారు. త్రివేణి రానంది. దించినచోటల్లా ఉండడానికి తాను మూటను కానంది. డేరా బతుకుతో విసిగిపోయిందనుకున్నాను. బతిమాలి ఉండాల్సింది. బతిమాలలేదు.

నాతో పాటు లహరి అనే కొత్త జియాలజిస్టును పంపారు. అనంతపురం టౌను పిల్ల, రెండేళ్ల సర్వీసు, చురుకు ఎక్కువ. ఇద్దరం రోజూ పెట్టెలు దించి చూసేవాళ్లం. బోరులో నుంచి వచ్చేది చేతికర్ర మందాన గుండ్రటి రాతి కడ్డీ. ముక్కలు ముక్కలుగా వస్తుంది. దాన్ని గాడులున్న పెట్టెలో పేరుస్తారు. పుస్తకం చదివినట్టు చదవాలి. ఎడమ నుంచి కుడికి ఒక గాడి అయ్యాక, మళ్లీ ఎడమ నుంచి కుడికి రెండో గాడి. అట్లా చదువుకుంటూ పోతే భూమిలోకి దిగుతూ పోయినట్టే. రాయి ఎండి ఉంటే ఏమీ కనబడదు, నీళ్లతో తడపాలి. అక్కడ ఓబులేసుతో పేచీ వచ్చేది.

"తాగే నీళ్లు రాళ్లకు పోస్తాండారే సార్! ఊర్లోకి ట్యాంకరొచ్చి నాలుగు దినాలాయ."

ఇరవై నాలుగో పెట్టె దించిన రోజు క్యాను అడుగంటింది. లహరి ఒక ముక్క తీసి నాలుకతో తడిపి చూసింది. మాకది మామూలే. ఓబులేసు మాత్రం నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందమ్మా అది! పొద్దన్నే ఉగ్గాని తినలేదా?"

లహరి నవ్వలేదు. ముక్కలను ఒకదాని కొస ఒకదానికి ఆనించి చూస్తోంది. విరిగిన పళ్లెం పెంకులు అతికినట్టు వరసలో ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతకాలి. అది ఆఖరి పెట్టె, రెండు గాడులే నిండాయి.

"సార్, ఇవి అతకడం లేదు" అంది.

"ఏవమ్మా?"

"మొదటి గాడి చివరి ముక్క, రెండో గాడి మొదటి ముక్క. రెండో గాడి ఎడమ చివరి ముక్కతో అతకడం లేదు. కుడివైపు దాంతో చూడండి, ఎంత బాగా కూర్చుందో. రెండో గాడి కుడి నుంచి ఎడమకు పేర్చారు సార్. బోరు ముగిసిందని పెట్టే చెక్కముక్క కూడా ఎడమ చివరే ఉంది."

ఆ గాడి మీదికి వంగి చూశాను. మాకు దారి చూపేది ఇత్తడి పొడిలా మెరిసే పైరైటు. అది ఎక్కువవుతోందంటే బంగారపు రాయి దగ్గర పడుతోందని లెక్క. ఆ రెండో గాడిలో ఎడమవైపు మెరుపు దట్టంగా ఉంది, కుడివైపు పోనుపోను పలచబడింది. అప్పట్లో నేను ఎడమ నుంచి చదివాను. మెరుపు వచ్చింది, తగ్గిపోయింది, ఇక లాభం లేదు, ఆపండి అన్నాను.

"అంటే తగ్గలేదు సార్, పెరుగుతూ పోయింది. అన్నిటికంటే ఎక్కువ ఉన్నచోట ఆపేశారు. ఎవరు ఆపమన్నారో గాని..." అంటూ లహరి పాత లాగ్‌బుక్కు తిప్పి, కింద సంతకం చూసి నాలుక కరుచుకుంది.

ముక్కలు అతికించి చూడనిదే ఏ గాడీ చదవకూడదని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే నేర్పుతారు. ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు మాత్రం పొద్దు వాలుతోందని, రిగ్గువాళ్లు తొందరపెడుతున్నారని, నిలబడే చూసేశాను.

ఆ పెట్టె పేర్చింది ఎవరో కూడా నాకు గుర్తుంది. రోజూ పేర్చే ఓబులేసు జ్వరంతో ఇంటికి పోయాడు. డ్రిల్లర్లు పైపులు పీకుతున్నారు. త్రివేణి తానే కూర్చుని పేర్చింది. ఆ ఒక్క పెట్టే.

ఆదివారం ధర్మవరం బస్సెక్కాను. బత్తలపల్లె దాటేదాకా ఒకటే ఆలోచన. ఆరునెలలు పేర్చేవాళ్లను పక్కనుండి చూసిన మనిషి, ఎట్లా తిరగేసింది? కావాలనే చేసిందా? ఆ డేరా నుంచి బయటపడాలని, నేను బోరు ఆపేస్తే చాలనుకుందా? ఇన్నేళ్లలో ఆమె మీద కోపం వచ్చింది, బెంగ వచ్చింది, అనుమానం మాత్రం ఇదే మొదలు. అది మిగతా రెండింటికన్నా బరువుగా ఉంది. సెల్లులో ఆ పెట్టె ఫొటో తీసుకుని పోతున్నాను, చూపించి అడగడానికి.

తలుపు తీసే ఉంది. త్రివేణి మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. నా చెప్పుల చప్పుడు ఆమెకు వినబడలేదు. గడప దగ్గరే నిలబడ్డాను. అడ్డపోగు మోసే నాడె ఎడమ నుంచి కుడికి పోయింది. దెబ్బ వేసింది. నాడె కుడి నుంచి ఎడమకు వచ్చింది. మళ్లీ దెబ్బ. పోతుంది, అటునుంచే వస్తుంది. మొదటికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టడం అనేది ఆ చేతులకు తెలియదు. ఎనిమిదో ఏట నుంచి అవి చేసిన పని అదొక్కటే. నేనూ చేనేత ఇంట్లో పుట్టినవాణ్ణే, కానీ మా నాయన బడిపంతులు, మగ్గం గుంటలో నేనెన్నడూ కాళ్లు పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ గాడిని చూడగానే తెలిసేది. ఆమెను అనుమానించినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె తలెత్తింది. "ఏమప్పా, పండగ గూడా కాదే? ఏమన్నా అయిందా?"

"ఏం కాలే. గవిగుట్టలో ఉండా. ఊరికే వచ్చినా."

"ఊరికే వచ్చే మనిషివా నువ్వు" అంటూ లేచి చేతులు కడుక్కుంది.

సంగటి, ఊరిబిండి పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. గవిగుట్ట పేరు విన్నప్పటి నుంచి ఆమె ముఖంలో ఏదో కదులుతోంది.

"ఆ గుట్టకు తూర్పుపక్క రోంత చదును ఉండె గదా, అట్లనే ఉండాదా?"

"ఉండాది. ఏమి?"

"ఏం లే. క్వార్టర్సు కడితే ఆడ కట్టించుకోవల్లని చూసి పెట్టుకున్యా. వంటిల్లు యాడ రావల్లో గూడా అనుకున్యా. గాలి బాగ తగుల్తాది ఆడ."

నా చెయ్యి కంచంలోనే ఆగింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"రాయి తగిల్నాక చెబుదామనుకున్యా. తగల్లే గదా" అని నవ్వింది. "దినామూ పొద్దన్నే లేచి మొక్కుకుంటాంటి, ఈ మనిషికి ఆ రాయేదో చూపించు స్వామీ, ఒక తావ కుదురుగా ఉంటాడు అని."

జేబులోకి పోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ఫొటో ఆమెకు చూపించడం నా వల్ల కాదు.

"త్రివేణీ, ఆ బోరు ఆపకుండా ఉండల్ల. నేను చూడ్డం తప్పినా. కిందికి పోయేకొద్దీ బాగుండె. ఇప్పుడు పక్కనే మళ్లీ వేయిస్తాండా."

"ఇన్నేండ్లకు ఒక తప్పు ఒప్పుకుంటివి" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ ఆఖరి పెట్టె నేనే గదా సర్దింది? సరిగ్గానే సర్దినానా?" అని అడిగింది.

"నువ్వు సరిగ్గానే సర్దినావు."

బయలుదేరేటప్పుడు గడప దాకా వచ్చింది. నా ముఖం చూడకుండా, చీర కొంగుకు అంటిన పట్టుపోగు తీసుకుంటూ అంది, "రిటైరైనాక యాడుంటావు?"

"ఇంగా అనుకోలే."

"ముందర రూములో మంచం ఉండాది. వస్తే చుట్టం మాదిరి రావద్దు. ఉండనీకి రా."

బస్‌స్టాండు దాకా ఎట్లా నడిచానో తెలియదు. అరవై ఏళ్లు దగ్గరపడినవాడికి ఇంత సంతోషం ఉండొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం కూడా నా గొప్పే అనిపించింది.

ఆఫీసుకు రిపోర్టు రాశాను. పెట్టె పేర్చడంలోనూ చదవడంలోనూ పొరపాటు జరిగింది, రెండింటికీ బాధ్యుడు కేశవ, అప్పటి జియాలజిస్టు. లహరి టైపు చేస్తూ ఆగింది.

"పేర్చింది మీరు కాదని ఓబులేసు అంటున్నాడు సార్."

"రాయమ్మా నువ్వు."

అదృష్టం బాగుండి దగ్గర్లోనే ఒక రిగ్గు ఖాళీగా ఉంది. మార్చి మొదట్లో పాత బోరుకు ఐదడుగుల పక్కన దించాం. రిగ్గు చప్పుడు వినగానే ఊరివాళ్లు బిందెలు పట్టుకుని వచ్చారు. ఒక ముసలామె నన్ను పట్టుకుంది.

"నీళ్లు పడినాయా సార్?"

"నీళ్ల కోసం కాదవ్వా, బంగారానికి చూస్తాండాం."

"బంగారం యాడికి పోతాది నాయనా, ఆడే ఉంటాది. ముందు నీళ్లు చూడు."

నూట పద్దెనిమిది దాటింది. నూట ఇరవై ఐదు. మెరుపు పెరుగుతూనే ఉంది. పన్నెండో రోజు మధ్యాహ్నం, నూట ముప్పై మీటర్ల దగ్గర తెల్లటి పలుగురాయి వచ్చింది. లహరి నీళ్లు చల్లి, భూతద్దం పెట్టి, దాన్ని నా చేతిలో పెట్టింది. ఆవగింజలో సగం ఉంటుంది. పసుపుపచ్చగా, మెత్తగా, ఏ సందేహమూ లేకుండా బంగారం. ముప్పై నాలుగేళ్లలో నా బోరులో నా కంటికి కనబడిన మొదటి నలుసు. దాన్ని చూసి ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. త్రివేణికి చెప్పాలని మాత్రం వచ్చింది.

"తగిలింది" అన్నాను ఫోనులో.

వెనకాల మగ్గం చప్పుడు ఆగిపోయింది. "ఎంత లోతులో?"

"మనం ఆపిన కాడినుంచి పన్నెండు మీటర్లు."

మెల్లిగా అంది, "పన్నెండు మీటర్లా? రెండు చీరలంత గదప్పా."

"అంతే."

"రెండు చీరలు నేను ఇరవై దినాల్లో నేస్తా" అని ఫోను పెట్టేసింది.

తర్వాతి వారం ఆమె చెప్పకుండా వచ్చింది. నేను రిగ్గు దగ్గర ఉన్నాను. షెడ్డు అరమైలు దూరం. అమ్మగారు వచ్చారని కబురు విని ఎండలో దాదాపు పరుగెత్తాను. నేను పోయేసరికి ఓబులేసు తన మర్యాదంతా చూపించేశాడు. ఇరవై నాలుగో పెట్టె దించి, దుమ్ము తుడిచి, నీళ్లు చల్లి, ఆమె ముందర పెట్టాడు. పెట్టె ఎట్లా చదవాలో, తెలియనివాళ్లకు చెప్పినట్టు చెప్పాడు కూడా.

త్రివేణి గొంతుక్కూర్చుని ఉంది. పక్కన క్యారియరు, ఓలిగలు, అంటే బొబ్బట్లు, చేసుకొచ్చింది. చూపుడువేలు మొదటి గాడి మీద ఎడమ నుంచి కుడికి పోయింది. అక్కడి నుంచి కిందికి దిగి, రెండో గాడి మీద కుడి నుంచి ఎడమకు వచ్చింది. మెరుపు దట్టంగా ఉన్నచోట ఆగింది. ఎంతసేపు అట్లాగే ఉంచిందో. నేను వచ్చానని తెలిసినా తలెత్తలేదు.

"ఓబులేసూ, రోంత నీళ్లు తెస్తావా తాగనీకి" అంది. వాడు పోయాక, "సరిగ్గానే సర్దినావు అంటివే" అంది నాతో.

"చూడాల్సింది నేను కదా. నా తప్పు."

"నువ్వు చూసేది తర్వాత. చేసింది ఇవి." రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. వేళ్ల కొసల్లో పట్టు కోసిన గీతలు. "నేనే చెడగొట్టుకుంటి. ఈడే ఉండేటోళ్లం. దేవునికి మొక్కిందీ నేనే, చెడగొట్టిందీ నేనే."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ చేతులు ఇంకా చాపే ఉంచింది. ఇరవై ఏడేళ్లు ఆమెకు అన్నం పెట్టింది ఆ చేతులే, నేను కాదు. రేపు పొద్దున మగ్గం గుంటలో కూర్చుని నాడె విసిరిన ప్రతిసారీ ఆమెకు ఈ పెట్టే కనబడుతుంది. నా తప్పని వెయ్యిసార్లు చెప్పినా నమ్మదు. ఆమె నమ్మగలిగిన మాట ఒక్కటే ఉంది. అది అంటే ఏం పోతుందో నాకు తెలుసు.

"అట్ల కాదు త్రివేణీ. తగిలినా నేను ఈడ ఉండేటోణ్ణి కాదు."

ఆమె తల తిప్పింది.

"ఒరిస్సా బదిలీ నేనే అడిగి వేయించుకున్యా. ఆడ పెద్ద పని ఉండె, పేరొస్తాదని."

"ఈడ ఉండనీకి అడగల్లని హైదరాబాదు పోయినావు గదా?"

"దానికే పోయినా అని నీకు చెప్పినా. అబద్ధం. బదిలీ కోసమే పోయినా."

ఆమె నా ముఖం వెతికింది. పాతికేళ్లు ఉత్తరాల్లోనూ ఫోనుల్లోనూ ఆమెతో సరిగ్గా అబద్ధమాడలేనివాణ్ణి ఆ రోజు రెప్ప వేయకుండా నిలబడ్డాను.

"అయితే ఈ పెట్టెతో పనే లే" అంది.

"లే."

చేతులు మెల్లిగా ఒళ్లోకి దించుకుంది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ తర్వాతే కోపం వచ్చింది, అది రావాలనే నేను కాచుకున్నాను.

"ఆరునెలలు డేరాలో సంగటి కెలికి పెడితి నీకు. నువ్వు పోయే దారి చూసుకుంటాంటివా?"

"ఊ" అన్నాను.

క్యారియరు అక్కడే వదిలేసి లేచింది. రోడ్డు దాకా తోడు వస్తానంటే వద్దంది. ఓబులేసు తెచ్చిన నీళ్లు తాగి, చెంబు వాడి చేతికిచ్చి, ఎండకు కొంగు కప్పుకుని పోయింది. షెడ్డు గుమ్మంలో నిలబడి, బస్సు ఎక్కేదాకా చూశాను. ఒక్కసారీ తిరగలేదు.

ఏప్రిల్ ముప్పైన శాలువా కప్పారు. కనిపెట్టిన పదిమందిలో నువ్వూ చేరావని పొగిడారు. మే ఒకటిన అనంతపురంలో ఒక రూము అద్దెకు తీసుకున్నాను. ఆ ఏటి ఉగాదికి పోలేదు, దసరాకు పిలుపు రాలేదు. ధర్మవరం నుంచి వచ్చినవాళ్లను అడిగితే, ఆమె మగ్గం ఎప్పట్లాగే ఆడుతోందని చెప్పారు. అది చాలనుకుంటాను. రోజులో ఎక్కువసేపు చాలదు.

ఆమెతో అనలేని మాట ఇక్కడ అంటున్నాను. తగిలి ఉంటే ఉండేవాణ్ణి త్రివేణీ. ఎవరు ఏ ఊరికి వేసినా కదలకుండా, నువ్వు చూసి పెట్టుకున్న ఆ చదును మీదే, నీతోనే ఉండిపోయేవాణ్ణి.